పాత క్షవరం కత్తికి కొత్త చెక్క పిడి: ఏది ఉంచాలి, ఏది మార్చాలి, ఏ కర్ర తీసుకోవాలి

పాత కత్తి చేతికి రాగానే మనసు ముందు పిడి మీదకే పోతుంది. పగిలిన ముక్క కనిపిస్తుంది, దాని చోట నల్లగా నిగనిగలాడే ఎబొనీనో, చారలు తిరిగిన రోజ్‌వుడ్డో ఊహించేసుకుంటాం. కర్ర కొనేస్తాం కూడా. తర్వాత తీరిగ్గా బ్లేడు వంక చూస్తే అంచులో వెంట్రుకంత నెర్రె. నేనిలా ఒకసారి కాదు, రెండుసార్లు చేశాను. ఆ రెండు జతల చెక్కలూ ఇప్పటికీ డబ్బాలో పడి ఉన్నాయి.

అందుకే ఇక్కడ కర్ర సంగతి కాస్త ఆలస్యంగా వస్తుంది. స్ట్రెయిట్ రేజర్‌కు కొత్త పిడి వేయడంలో అసలు పరీక్ష ఒకటే. మూసినప్పుడు బ్లేడు రెండు చెక్కల నడుమ, ఏ పక్కకీ తగలకుండా, మధ్యలో పడాలి. తగిలితే ఎంత పదును పెట్టినా మూసిన ప్రతిసారీ అది పోతుంది. కర్ర, దాని మందం, పిన్ను, పైపూత, వీటిలో ఏది ఎంచుకున్నా ఈ ఒక్క పనికి సాయం చేస్తుందా, అడ్డం వస్తుందా అని చూస్తాను. అందం దాని తర్వాతే.

మాటల గురించి ఒక ముక్క. పిడికి రెండు పక్కలా ఉండే పలకల్ని స్కేల్స్ అంటారు. మనం చేసేది కర్రతో కాబట్టి పిడి చెక్కలు అనే రాస్తాను. తోక చివర ఆ రెండు చెక్కల మధ్య ఇరికించే చిన్న ముక్క వెడ్జ్. బ్లేడు వెనక సన్నబడి పిడిలోకి పోయే భాగాన్ని కాడ అంటాను. ఆ కాడ తిరిగే చోట ఉండేది ఇరుసు పిన్ను.

ముందు బ్లేడు

బ్లేడును తేలికపాటి నూనెతో తుడిచి, మంచి వెలుతురులో భూతద్దం పెట్టి అంచు వెంబడి చూడండి. నెర్రె ఉంటే నూనె అందులోకి దిగి, పైన తుడిచేశాక కూడా సన్న గీతలా మిగిలిపోతుంది. లోతుగా పల్చగా సాన పట్టిన బ్లేడయితే గోటితో మెల్లగా మీటినా మోగుతుంది. పగులు ఉంటే ఆ మోత మొద్దుబారుతుంది. నెర్రె కనబడిందా, ఆ కత్తికి పిడి ఆలోచన మానేయండి. దాన్ని పిన్ను కొట్టడం నేర్చుకోవడానికి వాడుకోండి, దానికి మించి పనికొచ్చేది లేదు.

తుప్పు విషయంలో అది ఎంత ఉందన్నదాని కన్నా ఎక్కడ ఉందన్నది ముఖ్యం. వీపు (అంచుకు ఎదురుగా ఉండే మందపు వైపు) దగ్గర, బ్లేడు పక్కల మీద ఉన్న గుంటలు చూడ్డానికి బాగోవు గానీ గడ్డం గీయడానికి అడ్డం రావు. అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న గుంట మాత్రం ఈ రోజు ఏమీ అనదు. సాన పట్టేకొద్దీ అంచు అక్కడికి చేరి, గుంట కాస్తా గంటు అవుతుంది.

వీపు కూడా చూడాలి. సాన రాతి మీద ఈ కత్తి అంచూ వీపూ రెండూ ఆనించి నడుస్తుంది కాబట్టి వీపు మందమే పదును కోణాన్ని నిర్ణయిస్తుంది. మామూలుగా అది 16 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎవరో ఏళ్ల తరబడి అరగదీసి వీపును వెడల్పు పట్టీలా చేసేసి ఉంటే కోణం తగ్గిపోతుంది. కొద్దిగా అరిగితే వీపు మీద టేపు అంటించి సాన పట్టుకోవచ్చు. ఒక కొస ఎక్కువ, ఇంకో కొస తక్కువ అరిగిన బ్లేడును నేనయితే కొనను.

కాడ మీద ముద్ర ఉంటే వయసు కొంత తెలుస్తుంది. 1890లో అమెరికా చేసిన సుంకాల చట్టం వల్ల 1891 నుంచి అక్కడికి దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు వేయాల్సి వచ్చింది. అందుకని షెఫీల్డ్ (కత్తులకు పేరున్న ఇంగ్లండ్ ఊరు) అని ఊరి పేరు మాత్రమే ఉంటే అంతకు ముందుది కావచ్చు, ఇంగ్లండ్ అనో జర్మనీ అనో దేశం పేరు ఉంటే చాలావరకు ఆ తర్వాతిది. ఇది గట్టి రుజువేమీ కాదు, ఎందుకంటే అన్ని కత్తులూ అమెరికాకే వెళ్లలేదు. పాత పిడి తీసేసే ముందు ఒక్క నిమిషం ఆగడానికి మాత్రం ఈ ముద్ర పనికొస్తుంది.

పాత పిడి ఉంచాలా, తీసేయాలా

ఇది పిడి దేనితో చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. కొమ్ము పిడి పగలకుండా, కాస్త వంగి ఎండిపోయి ఉంటే తొందరపడి తీయకండి. కొన్ని రోజులు నూనె పట్టిస్తే కొమ్ము చాలావరకు తేరుకుంటుంది. వేడి తగిలితే మెత్తబడుతుంది కాబట్టి వంపునూ సరిచేయవచ్చు. పురుగు తిన్న చిన్న గుంటలు ఉన్నా నేను ఉంచేస్తాను. ఏనుగు దంతం, తాబేటి డిప్ప అని అనుమానం వస్తే బాగుచేయడం మాట అటుంచి, వాటి అమ్మకం కొనుగోళ్ల మీద చాలా దేశాల్లో గట్టి ఆంక్షలున్నాయని గుర్తుపెట్టుకోండి.

సెల్యులాయిడ్ సంగతి పూర్తిగా వేరు. 1870లో పేటెంటు వచ్చిన ఈ పదార్థాన్ని తర్వాత కొన్ని దశాబ్దాల పాటు దంతంలా, తాబేటి డిప్పలా కనిపించేలా రంగులద్ది కత్తులకు విరివిగా వాడారు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడే, ఎందుకంటే దాని తయారీలో కర్పూరం వాడతారు. పాతబడ్డాక కొన్ని పిడులు లోలోపల కుళ్లుతాయి. అప్పుడు వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి బ్లేడును తినేస్తుంది. పిడిలో దాగి ఉండే భాగం మాత్రమే తుప్పు పట్టి, బయట ఉండే కాడ శుభ్రంగా ఉంటే దొంగ ఎవరో తెలిసిపోయినట్టే. అలాంటి పిడిని ఇంకేమీ ఆలోచించకుండా తీసేయాలి. పెట్టెలో పక్కనున్న మంచి కత్తులకు కూడా అది ముప్పే. ఇంకొకటి, సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది. దాన్ని మంట దగ్గర పెట్టకండి, మిషను మీద రాపాడించకండి.

పాత ఇంగ్లీషు కత్తుల తోకలో వెడ్జ్ సీసంతో చేసింది ఉంటుంది. తెల్లటి పొడి పట్టి, ఉబ్బి, పిడిని చీల్చేసిన సీసం ముక్కలు తరచూ కనిపిస్తాయి. దాన్ని పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. చేతి తొడుగులు వేసుకుని తీసి పక్కన పడేయండి.

ఉంచుతున్నా, మారుస్తున్నా పిన్నులు తీయక తప్పదు. పిన్ను తలను ఆకురాయితో అరగదీసి, చిన్న బెజ్జం ఉన్న చెక్క దిమ్మె మీద పెట్టి, సన్నటి పంచ్‌తో దించాలి. స్క్రూడ్రైవర్ దూర్చి విడదీయడం వద్దు. పాత పిడిని పారేయకండి, కొత్త దానికి కొలత అదే. కుళ్లిన సెల్యులాయిడ్ అయితే కాగితం మీద ఆకారం గీసుకుని అప్పుడు వదిలించుకోండి.

కర్రే ఎందుకు

కొత్త పిడికి అక్రిలిక్, మైకార్టా, జీ-10 (ఈ రెండూ పొరలను రెజిన్‌తో గట్టిపరచి చేసిన పలకలు), కార్బన్ ఫైబర్ అన్నీ వాడుతున్నారు. బాత్‌రూములోనే ఉండిపోయే కత్తికి, నీళ్లు తుడిచే ఓపిక లేని చేతికి మైకార్టా లేదా జీ-10 కర్ర కన్నా మేలు, ఇందులో వాదన లేదు. అవి ఉబ్బవు, వంగవు. కర్రకు ఉన్న లాభం చేతిపనికి లొంగడం. ఒక ఫ్రెట్ రంపం, రెండు ఆకురాళ్లు, నాలుగు రకాల ఉప్పుకాగితం ఉంటే చాలు. తప్పు చేసినా మళ్లీ చేసుకోవచ్చు. కొమ్ము కూడా బాగా చెక్కబడుతుంది గానీ ఆ వాసన ఇల్లంతా పట్టుకుంటుంది, ఇంట్లో వాళ్లు ఒప్పుకుంటే సరే.

ఏ కర్ర

ఒక చిన్న లెక్క చేద్దాం. 155 మిల్లీమీటర్ల పొడవు, సగటున 15 వెడల్పు, 3 మందం ఉన్న రెండు చెక్కల ఘనపరిమాణం దాదాపు 14 ఘన సెంటీమీటర్లు. టేకు, వాల్‌నట్ లాంటి కర్ర సాంద్రత 0.65 దగ్గర ఉంటుంది కాబట్టి జత బరువు 9 గ్రాములు. రోజ్‌వుడ్ 0.85 అనుకుంటే 12 గ్రాములు. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ నీళ్లలో మునిగిపోయేంత బరువు, సాంద్రత 1.25 వరకు ఉంటుంది, కాబట్టి 17 గ్రాములు దాటుతుంది. కాగితం మీద తేడా 8 గ్రాములే. చేతిలో మాత్రం అది స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే ఈ కత్తిని మూడు వేళ్లతో కాడ దగ్గర పట్టుకుంటాం, పిడి వెనక గాల్లో వేలాడుతుంది.

దాన్ని బట్టి నేను పాటించే పద్ధతి ఇది. ఈ కత్తుల వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. 5/8 అంటే 16 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, 8/8 అంటే నిండు అంగుళం. లోపలికి బాగా గుల్లగా సాన పట్టిన పల్చటి 5/8 బ్లేడుకు బరువైన ఎబొనీ వేస్తే బరువంతా తోక వైపు పోయి, బ్లేడు ముఖం మీద ఆనదు, తేలిపోతూ ఉంటుంది. దానికి వాల్‌నట్టో, టేకో, పల్చగా తీసిన ఆలివో సరి. బరువైన షెఫీల్డ్ కత్తి, 7/8 లేదా 8/8, లోపల పెద్దగా గుల్ల లేనిది అయితే బ్లాక్‌వుడ్, ఎబొనీ, రోజ్‌వుడ్ దానికి జోడు. తెరిచిన కత్తిని ఇరుసు పిన్ను దగ్గర వేలి మీద నిలబెట్టి చూస్తే తూకం ఎటు ఉందో అర్థమవుతుంది. పిన్ను దగ్గరో, దానికి కాస్త బ్లేడు వైపో ఆగితే నాకు నచ్చుతుంది.

బరువు కన్నా ముఖ్యమైనది, ఆ కర్ర మూడు మిల్లీమీటర్ల మందంలో కదలకుండా ఉంటుందా అన్నది. చేవ ఉన్న భాగమే తీసుకోండి. బాగా ఆరిన కర్ర కావాలి. చారలు పిడి పొడవునా నడవాలి. పిడి వంపు తిరిగే చోట చారలు అడ్డంగా తెగిపోతే అక్కడే విరుగుతుంది. పిన్ను బెజ్జాలు రెండూ కొసలకు దగ్గరే ఉంటాయి కాబట్టి కొసల్లో చిన్న ముడి, చిన్న పగులు ఉన్నా ఆ ముక్క వద్దు.

ఒకే దిమ్మెను నిలువునా కోసి రెండు చెక్కలూ తీస్తే కదిలినా రెండూ ఒకేలా కదులుతాయి. కోయగానే చివరి మందానికి దించకండి. 5 మిల్లీమీటర్ల దగ్గర ఆపి, గాలి అన్ని పక్కలా తగిలేలా రెండు వారాలు వదిలేయండి. చాలా చెక్కలు ఈ రెండు వారాల్లోనే తమ బుద్ధి చూపిస్తాయి. ఎక్కువ వంగితే పారేయడమే. కొద్దిగా వంగితే పొట్ట బయటికి ఉండేలా అమర్చుకోండి, బ్లేడుకు చోటు పెరుగుతుంది. పొట్ట లోపలికి పెడితే అది సరిగ్గా అంచు దగ్గరికే వస్తుంది.

ఇక ఒక్కో కర్ర గురించి నాకు తోచింది చెబుతాను. మొదటిసారి చేసేవాళ్లకు వాల్‌నట్ మంచిది. మెత్తగా తెగుతుంది, చీలదు, జిగురూ పూతా చక్కగా పడతాయి. టేకు నీటికి తట్టుకుంటుంది, కానీ అందులోని సిలికా వల్ల రంపం పళ్లు త్వరగా మొద్దుబారతాయి, నూనె గుణం వల్ల జిగురు పట్టదు. అంటించే ముందు అసిటోన్‌తో తుడవాలి. రోజ్‌వుడ్ అందమైనదీ గట్టిదీ. దాని నూనెల వల్ల అవిసె నూనె పూత ఎన్నాళ్లయినా జిగటగానే ఉండిపోవచ్చు. పైగా రోజ్‌వుడ్ కర్రలుండే డాల్బెర్జియా జాతి దాదాపు మొత్తం 2017 నుంచి సైటీస్ (అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, కాబట్టి సరిహద్దు దాటించాలంటే కాగితాలు అడగవచ్చు. బ్లాక్‌వుడ్ కూడా అదే జాతి. ఎబొనీ నల్లగా అద్దంలా మెరుస్తుంది, పెళుసు కూడా అంతే. పిన్ను కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాల్సింది దానితోనే. ఆలివ్ చారలు చూడముచ్చటగా ఉంటాయి, కాకపోతే ఆరేటప్పుడు బాగా మెలితిరుగుతుంది, ఏళ్ల పాటు ఆరిన ముక్క దొరికితేనే తీసుకోండి. ఓక్ వద్దు. అందులోని ఆమ్లాలు ఇనుమును తుప్పు పట్టిస్తాయి, మన బ్లేడు కార్బన్ స్టీలు.

బర్ల్ అంటే చెట్టు మీద కణితిలా పెరిగిన భాగం. దాని అల్లికను చూసి పడిపోని వాళ్లు లేరు, నేనూ పడిపోయాను. నా మొదటి జత మేపుల్ బర్ల్‌తోనే చేశాను. నాలుగు సాయంత్రాలు రుద్ది, పూత వేసి, తోక పిన్ను కొడుతుంటే చివరి దెబ్బకు టిక్ మని చిన్న శబ్దం. బెజ్జం నుంచి కొస దాకా వెంట్రుక లాంటి గీత. చారలు ఒక దిక్కున నడవని కర్రకు ఒక దిక్కున బలం ఉండదు. ఇప్పుడయితే బర్ల్ కావాలంటే స్టెబిలైజ్ చేసిందే కొంటాను, అంటే శూన్యంలో ఉంచి రెజిన్ లోపలికంటా ఎక్కించి, వేడి చేసి గట్టిపరచింది. బరువు పెరుగుతుంది, కదలిక దాదాపు ఆగిపోతుంది. పెళుసు పూర్తిగా పోదు, కాబట్టి లోపలి వైపు పల్చటి పొర ఒకటి, లైనర్, వేసుకోవాలి.

ఆ లైనర్‌కు ఇత్తడి రేకు వాడే ముందు మళ్లీ లెక్క చూడండి. అర మిల్లీమీటరు ఇత్తడి రేకు ఒక్కో పక్క దాదాపు 10 గ్రాములు. రెండు కలిపి 20, అంటే బ్లాక్‌వుడ్ జత కన్నా ఎక్కువ. నల్ల ఫైబర్ లైనర్ అయితే బరువు తెలియదు.

ఏ కర్రయినా ధూళి పీల్చకండి. రోజ్‌వుడ్ జాతి ధూళి చాలామందికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. మాస్కు లేకుండా ఉప్పుకాగితం పట్టొద్దు.

తోకలో ముక్క

కొత్తవాళ్లు ఎక్కువ పట్టించుకోనిది వెడ్జే. బ్లేడు మధ్యలో పడటం, పడకపోవడం చాలావరకు దీని చేతిలో ఉంటుంది.

ఇరుసు దగ్గర కాడ మందంగా ఉంటుంది. తోక దగ్గర వెడ్జ్ దానికన్నా పల్చగా ఉంటే చెక్కలు రెండూ తోక వైపు దగ్గరవుతూ, కొంచెం విల్లులా బిగుసుకుంటాయి. ఆ బిగువే బ్లేడును ఎక్కడ తెరిస్తే అక్కడ నిలబెడుతుంది. కాడ ఎంత మందమో వెడ్జ్ కూడా అంతే ఉంటే చెక్కలు సమాంతరంగా నిలిచి, బిగువు లేక బ్లేడు వదులుగా ఊగుతుంది. మరీ పల్చగా ఉంటే చెక్కలు ఎక్కువ వంగి బ్లేడు మీదకు వస్తాయి, ఎబొనీ అయితే విరుగుతుంది కూడా. కాడ మందంలో సగం కన్నా కాస్త ఎక్కువ దగ్గర మొదలుపెట్టి, బిగించి చూసి, రుద్దుకుంటూ పోవడం నా పద్ధతి. వెడ్జ్ ముక్క బ్లేడు వైపు మందంగా, తోక కొసకు పల్చగా దిగాలి. అప్పుడే చెక్క దాని మీద సందు లేకుండా కూర్చుంటుంది.

పాత బ్లేడుల్లో చాలావాటికి ఎంతో కొంత మెలిక ఉంటుంది. మూస్తే ఒక పక్కకు పోతుంది. దాన్ని వంచి సరిచేయాలని చూడకండి, గట్టిపడ్డ ఉక్కు పుటుక్కున విరుగుతుంది. వెడ్జ్‌ను ఒక పక్క పావు మిల్లీమీటరు ఎక్కువ రుద్దితే చెక్కలు అటు తిరుగుతాయి, బ్లేడు మధ్యకు వస్తుంది. పాత పనివాళ్లూ ఇదే చేశారు. ఎడమా కుడీ సమానంగా లేని పాత వెడ్జ్ కనబడితే అది నిర్లక్ష్యం కాదు, సర్దుబాటు.

దేనితో చేయాలంటే కొమ్ము నాకు అన్నిటికన్నా ఇష్టం. మెత్తగా రుద్దుకోవచ్చు, నీటికి చెడదు, ఏ కర్ర పక్కనయినా నలుపు బాగుంటుంది. చెక్కలు వేసిన కర్రతోనే చేస్తే సులువు, చారలు మాత్రం పొడవునా ఉండాలి. ఇత్తడి వెడ్జ్ చూడ్డానికి ఠీవిగా ఉంటుంది, తోకకు బరువు ఎక్కిస్తుంది కాబట్టి పెద్ద బ్లేడులకే సరి. సీసం కొత్తగా పెట్టడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు.

రివెటా, స్క్రూనా

రెండూ కావాలి, వేర్వేరు సమయాల్లో. రివెట్ అంటే కొసలను సుత్తితో కొట్టి తలలా విప్పిన పిన్ను. 0-80 సైజు చిన్న స్క్రూలు దొరుకుతాయి, వాటి మందం 1.52 మిల్లీమీటర్లు. పిన్నుకు వాడే ఇత్తడి లేదా నికెల్ సిల్వర్ తీగ 1.6 మిల్లీమీటర్లు, బెజ్జమూ అంతే. అంటే స్క్రూలు అదే బెజ్జంలో దూరతాయి. వాటితో బిగించి, మూసి, తెరిచి, బ్లేడు ఎటు పోతోందో చూసి, విప్పి, వెడ్జ్ రుద్ది, మళ్లీ బిగించండి. నేను ఒక కత్తికి తొమ్మిదిసార్లు విప్పాను. ఇదే పని రివెట్ కొట్టాక చేయాలంటే తొమ్మిది పిన్నులు, తొమ్మిది టెన్షన్లు.

స్క్రూలనే శాశ్వతంగా ఉంచేయవచ్చు. వదులైతే బిగించుకోవచ్చు అన్నది నిజమైన లాభమే. కానీ పాత కత్తి మీద ఆ నట్టు తల పరాయిదానిలా కనిపిస్తుంది, వేలికీ తగులుతుంది. నేను ఇరుసుకూ తోకకూ రివెట్లే వేస్తాను.

రివెట్ కొట్టడంలో కిటుకు సుత్తి బరువులో లేదు. వాషరు పైన తీగ మిల్లీమీటరులోపే బయటకు ఉండాలి. ఎక్కువ ఉంటే వంగుతుంది, తక్కువైతే తల రాదు. కింద దాగలి లాంటి గట్టి ఉక్కు దిమ్మె పెట్టి, గుండ్రటి ముఖం ఉన్న చిన్న సుత్తితో తీగ అంచు చుట్టూ తట్టాలి, నడినెత్తి మీద కాదు. సుత్తిని ఎత్తి కొట్టకండి, అంగుళం ఎత్తు నుంచి దాని బరువుతో దాన్నే పడనివ్వండి. పది దెబ్బలకు ఏమీ కానట్టు ఉంటుంది. ముప్పై దెబ్బలకు కొస మెరుస్తుంది, తర్వాత పుట్టగొడుగు తలలా విచ్చుకుంటుంది. అటు కొన్ని, ఇటు కొన్ని తిప్పి కొట్టండి. ఇరుసు దగ్గర నాలుగైదు దెబ్బలకోసారి బ్లేడు తెరిచి చూడాలి. పిడిని అడ్డంగా పట్టుకుంటే తెరిచిన బ్లేడు తన బరువుకు తాను జారకూడదు, వేలితో తోస్తే మాత్రం ఒక్క తీరుగా కదలాలి. అక్కడ ఆపేయండి. ఇంకో దెబ్బ వేద్దామని చేయి లాగుతుంది, నా బర్ల్ పిడి పోయింది ఆ దెబ్బకే.

కాడలోని బెజ్జం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసి ఉంటే ఎంత బిగించినా బ్లేడు ఊగుతుంది. సన్నటి ఇత్తడి గొట్టం ముక్క అందులో దూర్చితే సరిపోతుంది.

పైపూత

ఇక్కడ మూడు దారులు. నూనె, సూపర్ గ్లూ, లక్క.

నూనె పూత చేతికి కర్ర స్పర్శ ఉంచుతుంది, గీతలు పడితే మళ్లీ రుద్దుకోవచ్చు. పచ్చి అవిసె నూనె వారాల తరబడి ఆరదు, ఆరే గుణం పెంచి అమ్మే రకం తీసుకోండి. తుడిచిన గుడ్డను ఉండ చుట్టి పడేస్తే అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు, పరిచి ఆరబెట్టండి. వాల్‌నట్‌కు నూనె చక్కగా ఉంటుంది, రోజ్‌వుడ్‌కు ఎందుకు వద్దో పైన చెప్పాను.

సూపర్ గ్లూ పూత గాజులా, నీళ్లు చొరకుండా ఉంటుంది. పల్చగా పది పొరల దాకా వేసి, మధ్యలో రుద్ది, చివర మెరుగు పెట్టాలి. ఆవిరి కళ్లను మండిస్తుంది, కిటికీలు తెరిచి పెట్టుకోవాలి. మందంగా వేస్తే పిడి ప్లాస్టిక్‌లా కనిపించడం దీని లోపం. అయినా రోజూ తడి చేతితో పట్టుకునే కత్తికి నా ఓటు దీనికే.

లక్క పూత మూడింట్లోనూ అందమైనది. అయితే లక్క కరిగేది స్పిరిట్‌లో. గడ్డం గీసుకోగానే చేతికి రాసుకునే ఆఫ్టర్‌షేవ్‌లో ఆల్కహాల్ ఉంటుంది. ఆ చేత్తోనే కత్తిని మూసి పక్కన పెడతాం. నేను లక్క వేసిన కత్తి మీద కొన్నాళ్లకే నా బొటనవేలి ముద్ర పోలీసులకు కావల్సినంత స్పష్టంగా పడింది. గోడకు వేలాడదీసే కత్తికైతే నిక్షేపంగా వేసుకోండి.

ఏ పూతయినా పిన్నులు కొట్టక ముందే వేయాలి, లోపలి ముఖానికీ వేయాలి. లోపల ఎవరు చూస్తారులే అని వదిలేస్తే కర్ర ఒక పక్కే తేమ పీల్చి వంగుతుంది, మళ్లీ కథ బ్లేడు దగ్గరికే వస్తుంది.

బ్లేడు మెరుగు ఎంతవరకు

అద్దంలా చేయాలా, పాత ఛాయ ఉంచాలా అంటే నేను రెండో పక్షం. ఎర్ర తుప్పు పోవాలి, నల్లగా స్థిరపడిన మచ్చ ఉన్నా ఫరవాలేదు. 400 ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 600, 1000, 2000 దాకా చేత్తోనే, నూనె వేసి రుద్దితే చాలు. అద్దంలా కావాలంటే గుంటలన్నీ పోయేదాకా లోహం తీయాలి, ముద్ర అక్షరాలు కూడా దానితోనే చెరిగిపోతాయి. బఫింగ్ మిషను దగ్గర పల్చటి అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. నీలం రంగు కనబడిందంటే దాదాపు 300 డిగ్రీలు దాటినట్టే, అక్కడ ఉక్కు గట్టిదనం పోయింది, మళ్లీ రాదు. మిషను కత్తిని చేతిలోంచి లాగి విసరడం కూడా జరుగుతుంది, అందులో విరిగేది కత్తి ఒక్కటే అయితే అదృష్టం. వీపును మాత్రం ఉప్పుకాగితంతో ఎక్కువ తోమకండి, కోణం అక్కడే ఉందని ముందే అనుకున్నాం.

మీరే చేయాలా, చేయించాలా

తాతగారిదో, నాన్నగారిదో అయిన కత్తి ఒక్కటే ఉండి, ఇదే మీ మొదటి ప్రయత్నం అయితే దాని మీద చేయి పెట్టకండి. అనుభవం ఉన్నవాళ్లకు ఇవ్వండి, లేదా నెర్రె ఉన్న పనికిరాని కత్తి ఒకటి సంపాదించి దాని మీద పూర్తిగా ఒక పిడి చేసి చూడండి. పిన్నుల దగ్గర ఎంత భయమో తెలిశాక నిర్ణయించుకోండి. పిడి మీరే చేసి, పదును ఒక్కటీ బయట పెట్టించుకునే దారి కూడా ఉంది, చాలామందికి ఇదే నప్పుతుంది. పదును మీరే పెట్టాలంటే 1000 గ్రిట్ రాయితో మొదలయ్యి 4000, 8000, ఆపైన ఇంకా నునుపైన రాయి, చివర తోలు పట్టీ కావాలి. ఆ చేయి తిరగడానికి పిడి చేయడం కన్నా ఎక్కువ కాలం పడుతుంది.

వరుస తప్పకండి. ముందు బ్లేడు శుభ్రం, తర్వాత చెక్కలు, పూత, స్క్రూలతో సరిచూడటం, రివెట్లు, అన్నీ అయ్యాక సాన. పని జరుగుతున్నంత కాలం అంచు మీద కాగితపు టేపు రెండు పొరలు ఉండాలి. చివరి రివెట్ కొట్టి టేపు తీసి, కత్తి మూసి, కళ్ల ఎదుట దీపానికి అడ్డంగా పట్టుకుని తోక వైపు నుంచి చూడండి. బ్లేడుకు అటూ ఇటూ రెండు సన్నని వెలుగు గీతలు కనబడాలి. ఒకటి మందంగా, ఒకటి పల్చగా ఉన్నా ఫరవాలేదు. ఒకటే కనబడితే ఆ రివెట్ మళ్లీ ఊడదీయాల్సిందే.